మూడు విజిళ్ళ లెక్కల పీరియడు

పిల్లలు బడి వదిలాక లెక్కలకి ప్రైవేటుకి వెళ్ళడం మీద నా అభిప్రాయం ఏమిటని పైవాళ్ళు అడిగారు. బాదంపాలెం జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవయ్యారేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. ఇన్నేళ్ళలో నన్ను మరుగుదొడ్ల లెక్క అడిగారు, కోడిగుడ్ల లెక్క అడిగారు, ఎన్నికలప్పుడు వేలికి పూసే సిరా సీసాల లెక్క అడిగారు గానీ అభిప్రాయం అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అందుకే ఆ సర్క్యులరు చూడగానే నాకు నిజంగానే సంతోషం వేసింది. ఆ సంతోషం రెండో పేజీ దాకా ఉంది.

మొత్తం పద్నాలుగు పేజీలు. 'లెక్కల ఉపాధ్యాయులు స్వేచ్ఛగాను, నిర్భయముగాను, ఇచ్చిన నాలుగు జవాబులలో ఒకదానిని ఎంచుకొని తమ అభిప్రాయము తెలుపవలెను. మధ్యాహ్నము పన్నెండు గంటలలోగా తెలుపని వారు తదుపరి చర్యలకు బాధ్యులగుదురు' అని ఉంది. అభిప్రాయం తెలుపుతుండగా తీసిన ఫొటో ఒకటి యాప్‌లో పెట్టాలి. ఫొటోలో ఉపాధ్యాయుడు ఆలోచిస్తున్నట్టు కనబడాలి. నా మొహంలో ఆలోచన చాలలేదని యాప్ మూడుసార్లు తిప్పికొట్టింది. నాలుగోసారి ఒళ్ళు మండి కళ్ళెర్రజేశాను, అది ఒప్పుకుంది.

ఇదంతా పదో తరగతి లెక్కల పీరియడులో జరిగింది. ఎదురుగా నలభై రెండు మంది పిల్లలు కూర్చుని నా అభిప్రాయం ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తున్నారు. మూడో వరసలోంచి దేవకి లేచి నిలబడింది.

"మాస్టారూ, టాన్ అంటే ఏ భుజం మీద ఏ భుజమండీ? నిన్న కూడా సగంలో ఆపేసేరండి."

"కూర్చోవే, ముందు నా అభిప్రాయం వెళ్ళనీ" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

ఈ దేవకి సంగతి చెప్పాలి. నా నలభై రెండు మందిలో నలభై ఒక్కళ్ళు సాయంత్రం అయ్యేసరికి పుస్తకాలు చంకన పెట్టుకుని ముక్కామల వీర్రాజు ఇంటికి ప్రైవేటుకి పోతారు. వెళ్ళనిది ఈ పిల్ల ఒక్కతే. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. పొద్దున్న అయిదింటికి పనిలోకి ఎక్కితే ఇంటికొచ్చేసరికి రాత్రి పది. తండ్రి లేడు. తన తరవాతి పసివాళ్ళిద్దరికీ అన్నం పెట్టి పడుకోబెట్టడం దేవకి పని. అంచేత ఆ పిల్లకి లెక్కలు రావాలంటే నా నలభై అయిదు నిమిషాల్లోనే రావాలి, ఇంకో దారి లేదు. రెండు నెలల్లో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష ఉంది. "సీటొత్తే సదువుకో. రాకపోతే నాతో షెడ్డుకి రా" అని తల్లి తేల్చి చెప్పేసింది. ఆవిడ మంచి మనిషే. మంచుగడ్డల్లో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు వంగడం మానేశాయి, రెండో మనిషి చెయ్యి వేస్తే తప్ప ఇల్లు గడవదు.

మళ్ళీ నా అభిప్రాయానికొస్తాను. ఆఖరి ప్రశ్న, ప్రైవేటులో లెక్కలు బాగా వచ్చుటకు కారణమేమి? (అ) పిల్లల శ్రద్ధ, (ఆ) తల్లిదండ్రుల శ్రద్ధ, (ఇ) పరిసరములు, (ఈ) ఇతరములు. నేను ఇతరముల్లోకి పోయి, 'వీర్రాజుకి ఎవరూ ఫారాలు పంపరు' అని టైపు చేశాను. 'మీ అభిప్రాయము చెల్లదు' అంది యాప్. ఇంతలో గంట కొట్టేశారు. బొటనవేలు ఎక్కడ పడితే అక్కడ నొక్కి పారేశాను. పడింది (ఇ) మీద.

తరవాత తెలిసింది, ఆ యాప్‌లో (ఇ) అనేది సరిగ్గా బొటనవేలి కిందికి వచ్చేట్టుందని. జిల్లా మొత్తం మీద లెక్కల మాస్టార్లలో నూటికి తొంభై ఒక్కమంది, పిల్లలకి లెక్కలు రావడానికి కారణం పరిసరాలేనని స్వేచ్ఛగా, నిర్భయంగా అభిప్రాయపడ్డారు.

దాంతో పరిసరాల అధ్యయనానికి ఒక సంఘం వేశారు. దానికి ప్రత్యేకాధికారి దివాకరం గారు. ఆయన చదివింది ప్రాచీన చరిత్ర. మనిషి నెమ్మది, ఎవరినీ కసురుకోరు, కానీ ఆయన నోట్లోంచి మాట వస్తే ఫైలు నంబరుతో సహా వస్తుంది. మండలంలో పేరున్న ప్రైవేటు వీర్రాజుదే కాబట్టి అయిదుగురు సభ్యులతో తిన్నగా అక్కడికే వచ్చారు. వీర్రాజు ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే గనక నన్ను దారి చూపించడానికి తీసుకెళ్ళారు.

వీర్రాజు లుంగీ కట్టుకుని వీధి అరుగు మీద గోడకి ఆనుకుని వడ్డీ లెక్క చెప్తున్నాడు. కారు ఆగడం చూసి హడలిపోయాడు. పుస్తకం మూసేసి, గబగబా కొబ్బరిచెట్టు కిందికి పరిగెత్తి బొండాలు కొట్టించాడు. పిల్లల్ని కదలొద్దని కసిరాడు. లోపల వాళ్ళావిడ పొయ్యి వెలిగించి పకోడీ మొదలుపెట్టింది. సంఘం వారు కుర్చీల్లో కూర్చుని, కొబ్బరినీళ్ళు తాగుతూ, కనబడిందల్లా రాసుకున్నారు. చాప రాసుకున్నారు. గళ్ళ లుంగీ రాసుకున్నారు. గుమ్మం ముందు చెప్పుల కుప్పని కొలిచారు. వంటింట్లో కుక్కరు మూడుసార్లు కూస్తే మూడుసార్లూ టైము రాసుకున్నారు. వీర్రాజు భార్య తలుపు సందులోంచి, "ఏవండీ, కరేపాకు తెమ్మన్నాను, తెచ్చేరా?" అని అడిగితే ఒక సభ్యుడు "ఆ మాట ఇంకోసారి అనండమ్మా" అని అడిగి మరీ అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకున్నాడు.

"మాస్టారూ, ఈళ్ళు ఎప్పుడెల్తారండీ? అవతల పాఠం ఆగిపోయిందండి" అని వీర్రాజు నా చెవిలో గొణిగాడు.

"నీకివ్వాళ ఒక్కరోజే గదరా" అన్నాను.

మూడు గంటలు కూర్చుని వెళ్ళారు. ముప్పై ఒక్క లక్షణాలు తేలాయి. నెల తిరక్కుండా ఉత్తర్వు దిగింది. 'గృహవాతావరణ గణిత బోధన. ప్రైవేటు బోధన యందలి ముప్పై ఒక్క అంశములను ప్రతి ఉన్నత పాఠశాల యందును తు.చ. తప్పక అమలుపరచవలెను' అని. బల్లలూ నల్లబల్లలూ తీసి కొట్టుగదిలో పడెయ్యాలి. పిల్లలు చాపల మీద కూర్చోవాలి. ఉపాధ్యాయుడు లుంగీ కట్టాలి. లెక్కలు చెప్పేది ఆడవాళ్ళయితే ఎలాగని ఎవరో సందేహం అడిగితే, 'మహిళా ఉపాధ్యాయినులు చిక్కుడుకాయలు ఒలుచుచు ఉండవలెను. కాయలు స్థానికముగా సమకూర్చుకొనవలెను' అని మర్నాటికే సవరణ వచ్చింది.

మా హెడ్మాస్టరు సత్తిరాజు గారికి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఆయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పనిచేశారు.

"ధర్మయ్యా, కట్టుకుంటే పోయేదేముందయ్యా? ఇంట్లో కట్టేదే గదా" అన్నారు.

"ఇంట్లో కట్టేది ఇంట్లో కడతానండి. బడికి ఎలా కట్టనండీ?"

"ఆయ్, నువ్వలా మొండికేస్తే నా పెన్షన్ కాగితాలు కదలవయ్యా. నీకు దణ్ణం పెడతాను."

అంతటి పెద్దాయన చేతులు జోడిస్తే ఏం చెయ్యను, కట్టాను. వీర్రాజు భార్య స్థానంలో ఎవరిని వెయ్యాలన్నది స్టాఫ్ మీటింగులో గంటసేపు నలిగింది. ఆ పీరియడులో ఖాళీగా ఉన్నది డ్రిల్లు మాస్టారు వెంకటపతి ఒక్కడే. ఆరడుగుల మనిషి, మీసాలు చెవుల దాకా ఉంటాయి. పాపం ఎవరేం చెప్పినా కాదనడు.

మొదటిరోజు పదో తరగతి. చాప మీద కూర్చున్నాను. నల్లబల్ల లేదు కాబట్టి చాప పక్కన గచ్చు మీదే సుద్దతో త్రిభుజం గీశాను. ముందు వరస వాళ్ళకి తప్ప ఎవరికీ కనబడదు. దేవకి మోకాళ్ళ మీద పాక్కుంటూ ముందుకొచ్చి కూర్చుంది.

"చూడండర్రా. ఇది కోణం. కోణానికి ఎదుటి భుజం ఇది. పక్కనున్నది ఇది. టాన్ అంటే..."

మధ్యాహ్న భోజనం వంటమనిషి గది బయట స్టవ్ మీద ఉత్తి నీళ్ళు పోసి పెట్టిన కుక్కరు కుయ్యిమంది. ఉత్తర్వు ప్రకారం పన్నెండో నిమిషం, ఇరవయ్యారో నిమిషం, నలభయ్యో నిమిషం కుయ్యాలి. కూత ఆగేదాకా ఊరుకుని మళ్ళీ అందుకున్నాను.

"టాన్ అంటే ఎదుటి భుజాన్ని..."

వెంకటపతి తలుపు సందులోంచి తల పెట్టాడు. "ఏవండీ, కరేపాకు తెమ్మన్నాను, తెచ్చేరా?" అని మైదానంలో పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతుతో అరిచాడు. నలభై రెండు మందీ చాపల మీద పడి దొర్లారు. వాళ్ళని లేవనెత్తి కూర్చోబెట్టేసరికి రెండో విజిల్ వచ్చింది. దేవకి ఒక్కతే నవ్వలేదు. పెన్సిల్ పట్టుకుని గచ్చు మీద నా సుద్దగీతల కేసే చూస్తోంది.

నాలుగోరోజు దివాకరం గారు తనిఖీకి వచ్చారు. చేతిలో ముప్పై ఒక్క గళ్ళ కాగితం. చాప సరిపోయింది, లుంగీ సరిపోయింది, విజిళ్ళు సరిపోయాయి, వెంకటపతి గొంతు కొంచెం తగ్గించాలన్నారు గానీ టిక్కు పెట్టారు. చెప్పుల కుప్ప మరీ పొందిగ్గా ఉందని సగం మార్కు తగ్గించారు. తరవాత నా చేతి వంక చూశారు.

"అది ఏమిటండి?"

"సుద్దముక్క అండి."

"దానితో తమరు ఏమి చేయుచున్నారు?"

"లెక్క చెప్తున్నానండి."

ఆయన కాగితం ముందుకీ వెనక్కీ తిప్పారు. మళ్ళీ మొదట్నించి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చారు.

"ధర్మయ్య గారూ, ముప్పై ఒక్క అంశములలో ఎక్కడనూ లెక్క చెప్పుట అన్నది లేదు. మా సంఘము మూడు గంటలు ప్రత్యక్షముగా పరిశీలించినది. ఆ మూడు గంటలలో వీర్రాజు గారు ఒక్క లెక్కయు చెప్పియుండలేదు. అయినను అక్కడి పిల్లలకు నూటికి నూరు మార్కులు వచ్చుచున్నవి. తమరు మధ్యలో ఇది ప్రవేశపెట్టి వాతావరణమును చెడగొట్టుచున్నారు."

"అయ్యా, మీరొచ్చారని వాడు చెప్పడం ఆపాడండి!"

"అది తమ అభిప్రాయము. అభిప్రాయ సేకరణ గడువు ముగిసినది" అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా. సాయంత్రానికి మెమో వచ్చింది. చాప మీద కూర్చున్నాక సుద్దముక్క ముట్టకూడదు.

ఈ లోపల వీర్రాజు ఇంటి దగ్గర ఇంకో గొడవ. బడి అచ్చం ప్రైవేటులాగా అయిపోయింది, మరి మేం నీ దగ్గరికి ఎందుకు పంపాలిరా అని తల్లిదండ్రులు వాణ్ణి పట్టుకుని నిలదీశారు. వాడు భయపడి లుంగీ మానేసి ప్యాంటు వేశాడు, బల్లలు కొన్నాడు, నల్లబల్ల కట్టించాడు, ప్రార్థన కూడా పెట్టాడు. నలభై ఒక్కళ్ళకీ సాయంత్రం పూట బడి దొరికింది. దేవకికి పగలూ లేదు, సాయంత్రమూ లేదు. పరీక్ష ఇంకో ఇరవై ఎనిమిది రోజుల్లోకి వచ్చేసింది. ఆ రోజు ఇంటర్వెల్లులో వరండాలో నన్ను ఆపింది.

"నాకు రాదేమోనండి మాస్టారూ. పోనీ మానేద్దునాండీ? అమ్మ కూడా షెడ్డు మేస్త్రీతో మాటాడేసిందండి."

"నోర్ముయ్! మానేస్తుందిట! నేనింకా చావలేదు" అని అరిచాను. కోపం నిజానికి దాని మీద కాదు.

కొట్టుగది తాళం అటెండరు దగ్గర తీసుకున్నాను. లోపల మా పాత నల్లబల్ల గోడకి చేర్చి ఉంది, బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. నాలుగు కిందికి దించాను. వెంకటపతిని పిలిచి, "ఒరే అబ్బాయ్, నీకు పుణ్యముంటుంది, నా లుంగీ నువ్వు కట్టుకుని చాప మీద కూర్చో" అన్నాను. "మరి కరేపాకండీ?" అని అడిగాడు. "నువ్వే అడుగు, నువ్వే తెచ్చానని చెప్పు" అన్నాను. సరేనన్నాడు మహానుభావుడు.

రోజుకి పదిమంది చొప్పున కొట్టుగదిలోకి వచ్చేవాళ్ళు. మిగతా వాళ్ళు వంతులు, దేవకి మాత్రం రోజూ. ప్యాంటు వేసుకుని, నల్లబల్ల మీద, గొంతెత్తి, ఎవరూ కుయ్యకుండా లెక్కలు చెప్తుంటే నాకు పదేళ్ళు తగ్గినట్టుంది. ఆరోరోజున దేవకి తనంతట తనే లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. త్రిభుజం గీసి, ఎదుటి భుజం, పక్క భుజం గుర్తులు పెట్టి, లెక్క దించేసింది. ఆ తరవాత ఆగితే ఒట్టు. పాత పరీక్ష పేపర్లు అయిపోయాయి, నేను కొత్తవి తయారుచెయ్యాల్సి వచ్చింది. గర్వం పట్టలేక ఇంటికెళ్ళి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

పరీక్ష తొమ్మిది రోజులుందనగా పట్టుబడ్డాం. పట్టిచ్చింది యాప్. తరగతి ఫొటోలో తలలు లెక్కపెట్టి, హాజరు నలభై రెండు, చాప మీద ముప్పై రెండు అని తేల్చి పైకి పంపింది. మర్నాడే దివాకరం గారు విచారణకి దిగి, అభియోగం చదివి వినిపించారు.

'శ్రీ చెల్లుబోయిన ధర్మయ్య, ప్రభుత్వోద్యోగి అయియుండియు, ఆమోదిత వాతావరణమునకు వెలుపల, బల్లలు మరియు నల్లబల్ల వినియోగించి, కొందరు విద్యార్థులకు రహస్యముగా లెక్కలు చెప్పినట్లు ఆరోపణ. ఇది ప్రైవేటు చెప్పుటగా పరిగణింపబడును. ఉపాధ్యాయులు ప్రైవేటు చెప్పుట నిషిద్ధము. రుజువైనచో సస్పెన్షన్.'

వెంకటపతిని సాక్ష్యం అడిగారు. "నేను వంటింట్లో ఉన్నానండి, నాకేం తెలీదండి" అన్నాడు. పిల్లలు కొట్టుగదిలో దాగుడుమూతలు ఆడుకున్నామన్నారు. సాక్ష్యం ఏదీ నిలబడటం లేదు. దివాకరం గారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు ఆలోచించి ఒక దారి కనిపెట్టారు.

"నలభై ఒక్క మంది వీర్రాజు గారి వద్దకు వెళ్ళుచున్నారు. వారికి లెక్క వచ్చినను ఎవరు చెప్పినదీ తేలదు. దేవకి అను విద్యార్థిని మాత్రము ఎచ్చటికిని వెళ్ళుట లేదు. ఆ అమ్మాయికి లెక్క వచ్చినచో ధర్మయ్య గారు చెప్పినట్లు. రానిచో చెప్పనట్లు. అమ్మాయిని పిలిపించండి."

వరండాలో సత్తిరాజు గారు ఆ పిల్ల దగ్గరకి వంగి ఏదో చెప్పడం కిటికీలోంచి నాకు కనబడింది. దేవకి తలూపింది. లోపలికి వచ్చి నిలబడింది. పాఠ్యపుస్తకం తీసి దివాకరం గారే ఒక లెక్క చదివారు. సెల్ టవరు మొదలుకి ముప్పై మీటర్ల దూరంలో నిలబడి చూస్తే కొన అరవై డిగ్రీల ఊర్ధ్వకోణంలో కనబడుతోంది, టవరు ఎత్తెంత? దేవకి కాగితం తీసుకుని రెండు నిమిషాల్లో రాసి ఇచ్చేసింది.

దివాకరం గారు కాగితాన్ని ఒకసారి తిన్నగా, ఒకసారి దూరంగా పెట్టి చూశారు. ఆయనకి అర్థం కాలేదు. "నిబంధనల ప్రకారము ఆ పాఠశాల యందలి సబ్జెక్టు నిపుణుడు ధ్రువీకరించవలెను. ఈ పాఠశాలలో లెక్కల నిపుణులు ఎవరు?" అని అడిగారు.

"నేనేనండి" అన్నాను.

"అయినచో తమరే చూచి, ఒప్పో తప్పో రాసి సంతకము చేయండి."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. పదిహేడు మీటర్ల చిల్లర అని ఉంది. అరవై డిగ్రీల చోట ముప్పై డిగ్రీల విలువ వేసింది. నిన్న పొద్దున్న ఇంతకంటే కష్టమైన లెక్క నోటితో చెప్పిన పిల్ల! తలెత్తి చూశాను. అది నా మొహంలోకి చూడటం లేదు. సత్తిరాజు గారు గుమ్మంలో నిలబడి, రాసెయ్యవయ్యా అని కళ్ళతోనే బతిమాలుతున్నారు. 'తప్పు' అని రెండక్షరాలు రాస్తే ఆయన పెన్షన్ వస్తుంది, నా జీతం వస్తుంది. దేవకికి లెక్కలు రావని దాని లెక్కల మాస్టారు సంతకం పెట్టిన కాగితం ఫైల్లోకి వెళ్తుంది. పరీక్ష ఇంకా ఎనిమిది రోజులుంది.

"ఇదేంటే?" అన్నాను.

"నాకు రాదండి మాస్టారూ."

"రాదూ? మళ్ళీ అను."

"మిమ్మల్ని తీసేత్తారంటండి..." అని బావురుమంది.

నాకు ఏడుపూ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి. నేను ముందు కోపాన్నే వాడుకుంటాను, అదే నాకు అలవాటు.

"నా ఉద్యోగం కోసం నువ్వు తప్పు రాస్తావా? నీకు రైటు నేర్పడమేనే నా ఉద్యోగం! వెధవ వేషాలు నా దగ్గరా? కొట్టెయ్ ఆ గీత. బొమ్మ గియ్యి. ఎదుటి భుజం ఏది, పక్క భుజం ఏది, గుర్తులు పెట్టు. ఊఁ, రాయ్!"

ముక్కు చీదుకుంటూ బొమ్మ గీసింది. టాన్ అరవై వేసింది. ముప్పై ఇంటూ రూట్ మూడు, యాభై ఒకటి పాయింట్ తొమ్మిది ఆరు మీటర్లు. కింద నీటుగా గీత కొట్టి యూనిట్లు కూడా రాసింది. సగం పిల్లలు యూనిట్లు మర్చిపోతారు, దీనికి నేను చెవి మెలేసి నేర్పాను. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, 'ఒప్పు' అని రాసి, పదికి పది వేసి, సంతకం చేసి దివాకరం గారికి ఇచ్చాను.

"సాక్ష్యము దృఢముగా ఉన్నది" అన్నారాయన, పెద్ద బరువు దిగినట్టు. రేపటినించి సస్పెన్షన్ అని అక్కడికక్కడే రాసి ఇచ్చి, నా చేత ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నారు. వెళ్ళేటప్పుడు చెయ్యి కలిపి, వ్యక్తిగతంగా తనకి చాలా విచారంగా ఉందన్నారు. నిజంగానే విచారంగా కనబడ్డారు.

నేను బయటికొచ్చేసరికి దేవకి మెట్ల మీద కూర్చుని ఇంకా ఏడుస్తోంది.

"అంతా నా మూలానే అయ్యిందండి. ఇప్పుడెలాగండి మాస్టారూ?"

"ఏడుపాపు ముందు. రేపు పొద్దున్న ఆరింటికి మా ఇంటికి రా. మీ ఇంట్లో పసివాళ్ళిద్దరినీ కూడా తీసుకొచ్చెయ్, మా ఆవిడ టిఫిన్ పెడుతుంది. బడి టైము దాకా చెప్తాను. మనమింకా వృత్తాలు రెండోసారి తిరగెయ్యనేలేదు."

"తెలిసిపోతే మళ్ళీ సస్పెండు చేసేత్తారేమోనండి!"

"చేసినవాణ్ణే మళ్ళీ ఎలా చేస్తారే?" అన్నాను. అది కాసేపు ఆలోచించి, నిజమేనని తలూపి, పావడాతో కళ్ళు తుడుచుకుని పుస్తకాల సంచీ అందుకుంది.